కుటుంబ కథల్లో ప్రేమకూ డబ్బు లెక్కకూ ఉన్న సంబంధం

శేషపత్రం:

కుటుంబం ఇతివృత్తంగా వచ్చిన నవలల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం అనురాగం, త్యాగం, తరాల మధ్య అంతరం అన్న మాటలతో మొదలుపెట్టి వాటితోనే ముగిస్తూ ఉంటాం. ఆ మాటలకు విలువ లేదని నేను అనను. అయితే నాకు చాలాకాలంగా తోస్తున్న సంగతి ఒకటి ఉంది. ఏ రచయితయినా ఒక ఇంటిని మనం నమ్మేటట్లు చిత్రించగలిగాడంటే, ఆ ఇంట్లోకి డబ్బు ఎటునుంచి వస్తోంది, ఎవరి చేతిలో ఉంటోంది, ఎవరు అడిగి తీసుకోవాలి, ఎవరు అడగకుండానే తీసుకోవచ్చు అన్న సంగతులు ఆ రచయితకు క్షుణ్ణంగా తెలిసి ఉంటాయి. ప్రేమ ఆ లెక్కలకు అతీతంగా ఎక్కడో పైన ఉండదు. ఆ లెక్కల్లోనే అది బయటపడుతుంది, లేదా లేదని తేలిపోతుంది.

జేన్ ఆస్టెన్ 1811లో ప్రచురించిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రెండో అధ్యాయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తండ్రి మరణశయ్య మీద ఉండగా, సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్ళనూ చూసుకుంటానని జాన్ డాష్‌వుడ్ మాట ఇస్తాడు. ఒక్కొక్క చెల్లెలికి 1,000 పౌన్ల చొప్పున మొత్తం 3,000 ఇవ్వాలని తనంతట తానే నిశ్చయించుకుంటాడు. భార్య ఫానీతో సంభాషణ మొదలైన తరువాత ఆ మొత్తం మొదట సగానికి తగ్గుతుంది. చెల్లెళ్ళకు కాకుండా తల్లికి ఏడాదికి 100 పౌన్లు ఇస్తే సరిపోతుందేమోనని అతడు అంటాడు. ఏటేటా సొమ్ము ముట్టేటట్లయితే మనుషులు ఎంతకీ చావరనీ, ఆవిడకు ఇంకా నలభై ఏళ్ళయినా నిండలేదనీ, ఆరోగ్యంగా ఉందనీ ఫానీ గుర్తు చేస్తుంది. ఆ మీదట అప్పుడప్పుడూ ఒక 50 పౌన్లు పంపితే చాలునన్న దగ్గరికి దిగుతారు. చివరికి ఇల్లు మారేటప్పుడు కాస్త సాయపడి, కాలాన్నిబట్టి చేపలో వేటమాంసమో కానుకగా పంపితే తండ్రికిచ్చిన మాట సంపూర్ణంగా నెరవేరినట్లేనని భార్యాభర్తలిద్దరూ తృప్తి పడతారు.

ఈ సంభాషణలో ఒక్క పరుషమైన మాట లేదు, ఎవరూ ఎవరినీ ద్వేషించరు. జాన్ తనను తాను మంచివాడిననే అనుకుంటూ ఉంటాడు. కుటుంబం తనవాళ్ళను ఎలా వదిలించుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఘట్టం నేను చదవలేదు. కుటుంబ సాహిత్యంలో లెక్కలకు మీరు ఎంత చోటు ఇస్తారో తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

అక్షరప్రియ:

శేషపత్రం గారూ, మీరు చెప్పిన క్రమంగా తరిగిపోయే అంకె ఆస్టెన్ కంటే రెండు వందల ఏళ్ళ ముందే ‘కింగ్ లియర్’ నాటకంలో కనిపిస్తుంది. నాటకం ఆరంభంలో లియర్ తన ముగ్గురు కూతుళ్ళను, ఎవరికి తన మీద ఎంత ప్రేమ ఉందో చెప్పమని అడిగి, ఆ జవాబులను బట్టి రాజ్యాన్ని పంచుతాడు. అందరూ ఈ ఘట్టాన్నే చెప్పుకుంటారు గాని, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రెండో అంకంలోని బేరం. రాజ్యం ఇచ్చివేసిన తండ్రి తన వెంట 100 మంది యోధులను ఉంచుకుంటానన్న షరతు పెట్టుకుంటాడు. పెద్ద కూతురు గానెరిల్ అందులో సగం మందిని తగ్గిస్తుంది. రెండో కూతురు రీగన్ 25 మందికి మించి రానివ్వనంటుంది. అప్పుడు లియర్ పెద్ద కూతురి వైపు తిరిగి, నీ యాభై ఆమె ఇరవై అయిదుకు రెట్టింపు కనుక నీ ప్రేమ కూడా ఆమె ప్రేమకు రెట్టింపు అంటాడు. ఆ మాట ముగిసీ ముగియకముందే కూతుళ్ళు పది మంది ఎందుకు, అయిదుగురు ఎందుకు, ఒక్కడైనా ఎందుకు అంటూ అంకెను సున్నా దాకా దించుతారు.

తండ్రి నేర్పిన కొలమానాన్నే కూతుళ్ళు తండ్రి మీద ప్రయోగించారు. రాజ్యాన్ని మాటలతో కొలిచి పంచినవాడు తనను మనుషుల సంఖ్యతో కొలిచారని వాపోవడానికి అర్హుడేనా అన్న ప్రశ్న షేక్‌స్పియర్ మన ముందు ఉంచుతాడు. చిన్న కూతురు కార్డీలియా ఏమీ చెప్పనని నిరాకరించింది ఆ కొలమానాన్నే గాని తండ్రిని కాదు. మీ ప్రతిపాదనలో నాకు ఒప్పుదల ఉన్నా, ఈ ఒక్క సంగతి కలపాలని ఉంది: కుటుంబంలో లెక్కకు లొంగని వ్యక్తి ఒకరు తప్పనిసరిగా ఉంటారు, కథ ఆ వ్యక్తి దగ్గరే మలుపు తిరుగుతుంది.

నిదానం:

నేను ఈ వాదంతో ఏకీభవించలేకపోతున్నాను. ఆస్టెన్ రాసింది ఆస్తి హక్కుల మీద బతికే వర్గం గురించి, షేక్‌స్పియర్ రాసింది రాజ్య విభజన గురించి. అలాంటి ఉదాహరణలు ఎంచుకుంటే ఏ ప్రతిపాదన అయినా నిలబడుతుంది. కుటుంబ జీవితంలో అధికభాగం మాటలకు అందనిది. ఒకే గదిలో ఏళ్ళ తరబడి కలిసి కూర్చోవడం, ఒకరి అడుగుల చప్పుడు మరొకరు గుర్తుపట్టడం, చెప్పవలసింది చెప్పకుండా ఊరుకోవడం, ఇవన్నీ ఏ పద్దు కింద రాస్తారు?

వర్జీనియా వుల్ఫ్ 1927లో వెలువరించిన ‘టు ద లైట్‌హౌస్’ నవలను చూడండి. ఎనిమిది మంది పిల్లల తల్లి అయిన మిసెస్ రామ్సే మొదటి భాగమంతా ఆ ఇంటికి కేంద్రంగా ఉంటుంది. కిటికీ దగ్గర కూర్చుని దీపస్తంభం కాపలాదారు కొడుకు కోసం మేజోడు అల్లుతూ, దాని పొడవు సరిపోతుందో లేదో తన చిన్న కొడుకు కాలికి ఆనించి చూస్తూ ఉంటుంది. ఆ పిల్లవాడు కదలకుండా నిలబడలేక కదిలిపోతూ ఉంటే మందలిస్తుంది. పేజీల తరబడి జరిగేది ఇంతే. రెండో భాగంలో ఆమె మరణాన్ని వుల్ఫ్ చదరపు కుండలీకరణాల మధ్య ఒకే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతుంది. ఆ వాక్యంలో ప్రధానంగా ఉండేది ఆమె మరణం కూడా కాదు, ఒక ఉదయం నడవలో చేతులు చాచిన భర్త, ఖాళీగా మిగిలిపోయిన ఆ చేతులు. ఆ వాక్యం నన్ను కదిలించినంతగా ఏ వీలునామా ఘట్టమూ కదిలించలేదు. ఇక్కడ లెక్క ఎక్కడుంది?

శేషపత్రం:

నిదానం గారికి, ఎంతో మంచి ఉదాహరణ ఇచ్చారు. కాని మీరు చెప్పిన నవలలోనే మిసెస్ రామ్సే మనసును పదేపదే తొలిచే ఒక సంగతి ఉంది. తోటలోని అద్దాల గది కప్పు మరమ్మతుకు 50 పౌన్ల దాకా అవుతుంది. ఆ మాట భర్తకు చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలదు. ఆయన తత్త్వవేత్త, తన కృషి విఫలమైందేమోనని అనుక్షణం దిగులు పడే మనిషి. ఆ దిగులును ఓదార్చేది ఆమె. ఖర్చు మాట ఎత్తితే ఆయన ఏకాగ్రత చెదురుతుందని ఆమె భయపడుతుంది, అందుచేత ఆ అంకెను తనలోనే దాచుకుంటుంది. వాళ్ళ దాంపత్యంలో ప్రేమ ఎంత నిజమో, ఆ ప్రేమ ఏయే సంగతులు దాచిపెట్టడం మీద నిలబడిందో ఆ అంకె వల్లనే మనకు తెలుస్తుంది. మీరు చెప్పిన మౌనానికీ నేను చెప్పిన లెక్కకూ వైరుధ్యం లేదని ఈ నవలే రుజువు చేస్తోంది. చాలా ఇళ్ళల్లో మౌనం కమ్ముకునేది సరిగ్గా ఇలాంటి అంకెల చుట్టూనే.

వెన్నెలపుట:

నేను మరొక వైపు నుంచి మాట్లాడతాను. శేషపత్రం గారి వాదంలో లెక్క అన్నప్పుడల్లా డబ్బు, ఆస్తి మాత్రమే వస్తున్నాయి. ఏ పద్దులోనూ చేరని శ్రమ గురించి కుటుంబ సాహిత్యం చాలాకాలం మాట్లాడలేదు. మాట్లాడిన తరువాత ఆ సాహిత్యం స్వరూపమే మారిపోయింది.

ఇబ్సెన్ 1879లో ‘బొమ్మరిల్లు’ నాటకం రాసినప్పుడు యూరప్ అంతటా చెలరేగిన వివాదం చివరి అంకంలో నోరా తలుపు మూసుకుని వెళ్ళిపోవడం గురించే. కాని నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మొదటి అంకంలో ఆమె తన స్నేహితురాలికి గర్వంగా చెప్పుకునే సంగతి. భర్త ఆరోగ్యం కోసం రహస్యంగా చేసిన అప్పును ఆమె తన దుస్తుల డబ్బులో మిగిల్చుకుంటూ, చలికాలం రాత్రులు తలుపు వేసుకుని నకళ్ళు రాసే పని చేసుకుంటూ తీరుస్తోంది. ఎంతో అలసట కలిగేదనీ, అయినా అలా కూర్చుని సంపాదిస్తుంటే తాను ఒక మగవాడినేమో అనిపించేదనీ ఆమె అంటుంది. ఇల్లు విడిచి వెళ్ళే నోరా ఆ రాత్రుల్లోనే తయారైంది. భర్త దృష్టిలో ఆమె దుబారా చేసే చిన్నపిల్ల. ఆ ఇంట్లో లెక్క సరిగ్గా తెలిసిన వ్యక్తి ఆమె ఒక్కతే.

మార్క్వెజ్ 1967లో ప్రచురించిన ‘నూరేళ్ళ ఏకాంతం’ గురించి మాట్లాడేవాళ్ళు వింతలూ అద్భుతాలూ చెప్పుకుంటారు. కాని భర్త రసవాదంలోనూ ఆవిష్కరణల్లోనూ మునిగిపోయినప్పుడు ఆ ఇంటిని నిలబెట్టింది ఉర్సులా పంచదార పాకంతో చేసి అమ్మించిన జంతువుల బొమ్మల వ్యాపారం. ముసలితనంలో చూపు పూర్తిగా పోయినా ఇంట్లో ఎవరికీ తెలియనివ్వకుండా, ఎవరు ఏ వేళకు ఏ దారిన నడుస్తారో, ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో జ్ఞాపకం పెట్టుకుని ఆమె తిరుగుతూ ఉంటుంది. ఆ ఇంటి మీద ఆమెకు ఉన్న పట్టు యజమాని పట్టు కాదు, పని చేసిన మనిషి పట్టు.

మన చాసో గారి ‘వాయులీనం’ కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. భార్య జబ్బు పడినప్పుడు అయ్యే ఖర్చు కోసం ఆమె వయొలిన్‌ను భర్త అమ్మివేస్తాడు, ఆమెకు ఒక చీర కూడా తెస్తాడు. అతడు దుర్మార్గుడు కాదు, ఆమెను బతికించుకోవాలనుకున్నాడు, బతికించుకున్నాడు. పెళ్ళయిన తరువాత ఇంటి పనిలో పడి ఆమె వాయించడమే మానుకున్న వాద్యం అది. అమ్మడం వల్ల ఎవరికీ నష్టం లేదని లెక్క చెబుతుంది. చదివిన మనకు మాత్రం ఆ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. లెక్క సరిపోయినా అన్యాయం మిగిలే ఉంటుందని చెప్పడానికి ఇంత చిన్న కథ చాలింది.

కొత్తపేజీ:

ఈ చర్చను మొదటినుంచీ ఆసక్తితో చదువుతున్నాను. నాకొక సందేహం ఉంది. ఇక్కడ ప్రస్తావించిన కుటుంబాలన్నింటికీ పంచుకోవడానికో, దాచుకోవడానికో, అమ్ముకోవడానికో ఎంతోకొంత ఉంది. ఏమీ లేనివాళ్ళ కుటుంబాన్ని గురించి రాసినప్పుడు ఈ సూత్రం నిలుస్తుందా? అక్కడ ప్రేమ ఏ రూపంలో కనిపిస్తుంది?

గట్టుదారి:

కొత్తపేజీ గారు అడిగిన ప్రశ్నే ఈ చర్చకు అసలైన పరీక్ష అని నేను భావిస్తున్నాను. దీనికి జవాబు చెప్పగలిగిన రచనలు నాకు తెలిసినంతలో రెండు ఉన్నాయి. అవి పుట్టిన సమాజాలకు ఒకదానితో మరొకదానికి ఏ సంబంధమూ లేదు.

మొదటిది కాళీపట్నం రామారావు గారు 1964లో రాసిన ‘యజ్ఞం’. కథలో చాలా భాగం ఒక అప్పు తగాదా మీద జరిగే పంచాయితీ. అప్పల్రాముడు తాను తీసుకున్న అప్పును తీర్చాలా, తీర్చగలడా, ధర్మం ఏం చెబుతోంది అన్న విషయం మీద పెద్దలు ఎంతో ఓర్పుతో, ఎంతో మర్యాదగా తర్జనభర్జన పడతారు. ఎవరూ కేకలు వేయరు, దౌర్జన్యం చేయరు. ఆ ఊరు ఎలా మారింది, ఎవరు ఎదిగారు, ఎవరు చితికిపోయారు అన్న చరిత్ర అంతా ఆ వాదోపవాదాల్లోనే మనకు తెలుస్తుంది. తీర్పుకు తండ్రి తలవంచుతాడు. కొడుకు సీతారాముడు మాత్రం, ఆ అప్పుకు కట్టుబడితే తన బిడ్డ పుట్టుకతోనే బానిస అవుతాడని గ్రహించి, ఆ పసివాణ్ణి తన చేతులతోనే నరికివేస్తాడు. ఆ అప్పు తన కొడుకు మీద పడకుండా ఉండాలంటే ఇదొక్కటే మార్గమని అతడికి తోచింది. ఆ ముగింపు వెలువడిన నాటినుంచీ విమర్శకులు దానిమీద తీవ్రంగా వాదించుకుంటూనే ఉన్నారు. సాహిత్య అకాడమీ పురస్కారం 1995లో ఈ కథ ఉన్న సంపుటికే వచ్చింది.

రెండోది టోనీ మోరిసన్ 1987లో ప్రచురించిన ‘బిలవ్డ్’. 1856లో కెంటకీ నుంచి ఒహాయోకు పారిపోయి, పట్టుబడే క్షణంలో తన కూతురిని చంపిన మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ ఉదంతం ఆ నవలకు ప్రేరణ. నవలలో సేథ్ కూడా తన బిడ్డలు తిరిగి బానిసత్వంలోకి వెళ్ళకుండా ఉండాలని పాక ఉన్న వైపు పరుగెత్తి, ఇంకా మాటలైనా సరిగా రాని కూతురిని చంపుతుంది. ఆ బిడ్డ సమాధిరాయి మీద ఒక్క మాట చెక్కించడానికి సైతం ఆమె దగ్గర డబ్బు ఉండదు, ఆ మాటకు తన శరీరంతో వెల చెల్లిస్తుంది. ఆమె భర్త హాలీ అంతకుముందు అయిదేళ్ళపాటు ఆదివారాలన్నీ బయట పని చేసి, ఆ సంపాదనతో తన తల్లిని యజమాని దగ్గర నుంచి కొని విడిపించి ఉంటాడు. కొడుకు తల్లిని కొనడం అన్న ఈ ఒక్క విషయంలో కుటుంబమూ లెక్కా ఎంతగా పెనవేసుకున్నాయో గమనించండి. అక్కడ ప్రేమకు వేరే భాష ఏదీ మిగల్లేదు.

ఏమీ లేనివాళ్ళకు లెక్క ఉండదని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళు వేరొకరి లెక్కలో అంకెలై ఉంటారు. సేథ్ యజమానికి ఆమె బిడ్డలు ఆస్తి. అప్పల్రాముడి మనవడు ఇంకా తీరని బాకీ. ఈ రెండు రచనల్లోనూ కన్నవాళ్ళు చేసింది ఆ లెక్క పుస్తకంలో నుంచి తమ బిడ్డను తప్పించడమే. ఆ పనిని సమర్థించమని ఏ రచయితా మనల్ని అడగరు. అలాంటి పని ప్రేమగా తోచే పరిస్థితి ఎలా ఏర్పడిందో ఒక్కొక్క మెట్టుగా చూపిస్తారు. మోరిసన్ ఆ చంపిన బిడ్డను వయసు వచ్చిన ఆడపిల్లగా మళ్ళీ ఆ ఇంటికే రప్పించి, తల్లిని నిలదీసేటట్లు చేస్తుంది. రామారావు గారి కథ ఆ దెబ్బ పడిన సభలోనే ఆగుతుంది. నా మట్టుకు నాకు మోరిసన్ వేసిన అడుగు మరింత సాహసోపేతమైనదిగా కనిపిస్తుంది. చనిపోయిన బిడ్డ తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరన్న ప్రశ్నను ఆమె దాటవేయలేదు.

అక్షరప్రియ:

గట్టుదారి గారూ, చివరి మాటతో విభేదిస్తున్నాను. ‘యజ్ఞం’ ఆ సభలో ఆగడం దాటవేత కాదు. అంతవరకు ధర్మం గురించి అంత నేర్పుగా మాట్లాడిన పెద్దలు ఆ తరువాత ఏం మాట్లాడగలరన్నది పాఠకుడు ఊహించుకోవలసిందే. రామారావు గారు అక్కడ ఒక్క పేజీ కొనసాగించి ఉన్నా ఆ పెద్దలకు మళ్ళీ మాట దొరికేది.

నిదానం:

పై రెండు ఉదాహరణలూ చదివిన తరువాత శేషపత్రం గారి ప్రతిపాదన బలం నాకు ఇంకా బాగా అర్థమైంది. అయినా నా అభ్యంతరాన్ని నేను వదులుకోవడం లేదు, దాన్ని మరికొంత కచ్చితంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 1929లో పుస్తకంగా తెచ్చిన ‘పథేర్ పాంచాలీ’లో పేదరికం అడుగడుగునా ఉంది. ఆ ఇంట్లో దూరపు చుట్టరికం గల ఇందిర్ అనే వృద్ధురాలు ఆశ్రయం పొందుతూ ఉంటుంది. గృహిణి సర్వజయకు తన పిల్లలకు పెట్టడానికే చాలని స్థితి కనుక, ఆ ముసలామె తినే ప్రతి ముద్దా ఆమె కంటికి కనబడుతుంది. చివరికి ఆమెను ఇంట్లోకి రానివ్వదు, ఆ వృద్ధురాలు అయినవాళ్ళు లేకుండా చనిపోతుంది. ఇది మీ సూత్రానికి సరిగ్గా సరిపోయే ఘట్టమే. సర్వజయను చెడ్డమనిషిగా చూపకుండా, లేమి మనసును ఎంత ఇరుకు చేస్తుందో రచయిత చూపాడు.

అయితే అదే నవలలో సర్వజయ కూతురు దుర్గ చనిపోయిన తరువాత, కుటుంబం ఊరు విడిచి వెళ్ళే రోజున, తమ్ముడు అపూకు ఒక చిన్న బంగారు డబ్బా దొరుకుతుంది. ఒకప్పుడు పొరుగింట్లో అది పోయినప్పుడు దుర్గ మీద నింద పడింది, ఆమె దెబ్బలు తిన్నది. ఆమె నిజంగానే దాన్ని తీసి దాచిందని అపూకు ఇప్పుడు తెలిసింది. తిండికి కటకటలాడుతున్న ఆ ఇంటి పిల్లవాడు దాన్ని అమ్మకు ఇవ్వడు, ఎవరికీ చూపించడు, వెదురు పొదల్లోకి విసిరివేస్తాడు. అక్క పేరు మీద మచ్చ ఉండకూడదన్న ఒక్క ఆలోచన ముందు ఆ బంగారం వెల ఆ పసివాడికి తోచనైనా తోచలేదు. కుటుంబంలో ఉండే ప్రేమ అసలు స్వభావం ఇదేనని నా నమ్మకం. లెక్క చూపించే ఘట్టాలు రచయిత నేర్పుకు నిదర్శనాలు కావచ్చు గాని, పాఠకుడు జీవితాంతం వెంట తీసుకుపోయేది ఇలాంటి ఘట్టాన్ని.

శేషపత్రం:

అపూ విసిరిన డబ్బా గురించి మీరు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. ఒక్కటే జోడిస్తాను. ఆ డబ్బా బంగారంది కాకుండా చిన్న గాజు పూస అయి ఉంటే ఆ ఘట్టానికి ఇంత బరువు వచ్చేది కాదు. ఆ ఇంటి లేమిని అన్ని పేజీలుగా మన చేత లెక్క పెట్టించిన తరువాతనే రచయిత దాన్ని ఆ పిల్లవాడి చేత విసిరించాడు.

పరిష్కర్త:

కొన్నేళ్ళుగా కథల రాతప్రతులు చదివి అభిప్రాయాలు చెప్పే పనిలో ఉన్నాను గనుక, రాసేవాళ్ళ వైపు నుంచి ఒక సంగతి చెప్పవలసి ఉంది. కుటుంబం మీద వచ్చే రాతప్రతుల్లో అధికభాగం ఒకే తీరున విఫలమవుతాయి. తండ్రి కష్టజీవి అని ఉంటుంది, ఆయన ఏ పని చేస్తాడో ఉండదు. తల్లి త్యాగమూర్తి అని ఉంటుంది, ఆమె వదులుకున్నది ఏమిటో ఉండదు. అన్నదమ్ములు విడిపోయారని ఉంటుంది, ఏ వస్తువు దగ్గర, ఏ మాట దగ్గర విడిపోయారో ఉండదు. అలా రాసినవాళ్ళకు భావోద్వేగం తక్కువై కాదు, ఉద్వేగం దానంతట అదే పాఠకుడిని చేరుతుందన్న భరోసా ఎక్కువై అలా జరుగుతుంది.

థామస్ మాన్ 1901లో ‘బడ్డెన్‌బ్రూక్స్’ ప్రచురించేనాటికి ఆయన వయసు పాతికేళ్ళు దాటి కొద్ది కాలమే. నాలుగు తరాల ధాన్య వ్యాపారుల కుటుంబాన్ని అంత చిన్న వయసులో నమ్మేటట్లు రాయగలగడానికి కారణం, ఆ ఇంటి దస్త్రాలను ఆయన కథలో పాత్రల స్థాయికి తీసుకురావడం. అందులో కుటుంబ విశేషాలు రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుంది. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, రోగాలు, మరణాలు తరతరాలుగా అందులో చేరుతూ వస్తాయి. కూతురు టోనీకి గ్రూన్‌లిక్ అనే వ్యాపారి సంబంధం ఇష్టం లేదు, ఆమె మనసు వేరొకరి మీద ఉంది. ఒకరోజు ఉదయం ఒంటరిగా కూర్చుని ఆ పుస్తకం తిరగవేస్తూ, తన వంశంలో తన చోటు ఎంత ముఖ్యమైనదో తలచుకుని ఉప్పొంగిపోయి, తన నిశ్చితార్థం సంగతిని తన చేతితోనే అందులో రాసివేస్తుంది. ఎవరూ ఆమె చేయి పట్టుకుని రాయించలేదు. కుటుంబం మనిషి చేత పని చేయించుకునే విధానం ఇదేనని ఆ పేజీ చదివినప్పుడల్లా అనిపిస్తుంది. తరువాత ఆ అల్లుడు కట్నం కోసమే పెళ్ళి చేసుకున్నాడని, తండ్రికి చూపిన లెక్కల పుస్తకాలు అబద్ధమని తేలుతుంది.

చివరి తరం పిల్లవాడు హానో అదే పుస్తకంలో తన పేరు కింద రూళ్ళకర్ర పెట్టి చక్కగా రెండు గీతలు గీస్తాడు. తండ్రి కోపంతో ఎందుకు గీశావని అడిగితే, ఇక దాని తరువాత ఏమీ ఉండదనుకున్నానని జవాబు చెబుతాడు. వంశం అంతరించిపోతోందన్న మాటను రచయిత తన నోటితో అనకుండా ఒక పిల్లవాడి చేత గీత గీయించాడు. కుటుంబ కథ రాయదలచినవాళ్ళు ఈ రెండు పేజీలను పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎంతో మేలు కలుగుతుంది.

వెన్నెలపుట:

పరిష్కర్త గారు తండ్రి ఏ పని చేస్తాడో ఉండదన్నారు. టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరేనినా’లో ఆబ్లాన్‌స్కీ తన భార్య డాలీ అడవిని 38,000 రూబుళ్ళకు ఒక వర్తకుడికి అమ్ముతున్నప్పుడు, స్నేహితుడు లెవిన్ అతణ్ణి చెట్లు లెక్కపెట్టావా అని అడుగుతాడు. అతడు లెక్కపెట్టలేదు. ఆ ఇంట్లో పిల్లల దుస్తుల కోసం డాలీ ఎంత అవస్థ పడుతోందో చదివినవారికి ఆ ప్రశ్న ఎంత లోతైనదో తెలుస్తుంది. నవల మొదటి పేజీలో బయటపడిన ఆబ్లాన్‌స్కీ అక్రమ సంబంధం కంటే ఈ లెక్కపెట్టని చెట్లే ఆ సంసారానికి ఎక్కువ హాని చేశాయని నా అభిప్రాయం.

గట్టుదారి:

ఇంతమంది మాట్లాడినా కాఫ్కా పేరు రాకపోవడం నాకు వెలితిగా ఉంది. 1915లో అచ్చయిన ‘రూపపరివర్తనం’ కథలో గ్రెగర్ సామ్సా పురుగుగా మారడం గురించే అందరూ చెబుతారు. తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది మొదలు ఆ ఇంటి భారమంతా మోస్తున్నది గ్రెగర్. తల్లిదండ్రులు బాకీ పడ్డ మనిషి దగ్గరే అతడు ఉద్యోగం చేస్తున్నాడు. ఆ బాకీ తీరడానికి ఇంకా అయిదారేళ్ళు పడుతుంది. అతడు పురుగుగా మారిన తొలిరోజుల్లోనే తండ్రి పెట్టె తెరిచి, పాత వ్యాపారం నుంచి కొంత సొమ్ము మిగిలి ఉందని, గ్రెగర్ ఇస్తూ వచ్చిన డబ్బు కూడా పూర్తిగా ఖర్చు కాక కొంత కూడిందని ఇంట్లోవాళ్ళకు చెబుతాడు. తలుపు వెనక నుంచి గ్రెగర్ ఆ మాటలు వింటాడు. ఆ సొమ్ముతో బాకీ తగ్గించి ఉంటే తనకు ఆ ఉద్యోగం నుంచి ఎంతో ముందుగానే విముక్తి దొరికేదని అతడికి తోస్తుంది. అయినా తండ్రి చేసిన ఏర్పాటే మంచిదని సంతోషిస్తాడు. ఆ సంతోషమే ఆ కథలో అన్నిటికంటే భయంకరమైన విషయం.

నిదానం:

గట్టుదారి గారూ, మీరు దాన్ని భయంకరం అన్నారు, నేను దాన్ని ప్రేమ అంటాను. గ్రెగర్ మోసపోయాడన్నది నిజమే. తండ్రి దాచిన సొమ్ము లెక్క అతడికి అర్థం కాలేదని మాత్రం కాఫ్కా ఎక్కడా రాయలేదు. లెక్క పూర్తిగా అర్థమైన తరువాత కూడా తనవాళ్ళకు కొంత ఆధారం ఉందని అతడు స్థిమితపడ్డాడు. దాన్ని కేవలం బానిస బుద్ధిగా చదివితే, చెల్లెలు గ్రేటాను సంగీత పాఠశాలకు పంపాలని అతడు రహస్యంగా వేసుకున్న పథకాన్ని ఏమనాలి?

శేషపత్రం:

నిదానం గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. ఆ పథకం నూటికి నూరుపాళ్ళూ ప్రేమే. కాని గ్రేటాను ఎవరూ అడగలేదు. మొదట్లో అన్న గదిలోకి తిండి తీసుకువెళ్ళినది ఆమె, చివర్లో ఇతణ్ణి వదిలించుకోవాలని మొదట నోరు విప్పి అన్నదీ ఆమే. అప్పటికి ఆమె దుకాణంలో పనికి కుదిరి, సాయంత్రాలు చదువుకుంటూ, ఇంటి బరువులో తన పాలు తాను మోస్తోంది. గ్రెగర్ చనిపోయిన రోజున తల్లిదండ్రులూ ఆమే ముగ్గురూ తమ తమ యజమానులకు సెలవు చీటీలు రాసుకుని ట్రాములో ఊరి బయటికి వెళతారు. ప్రయాణంలో తల్లిదండ్రులు కూతురు ఏపుగా ఎదిగిందని గమనించి, ఆమెకు మంచి వరుణ్ణి చూడవలసిన వేళ వచ్చిందని ఒకరి చూపు ఒకరు చూసుకుని అనుకుంటారు. గ్రెగర్ ఖాళీ చేసిన చోటులోకి ఆమెను ఎక్కిస్తున్నారని, ఈసారి కూడా ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదని నేను చదువుకున్నాను. మీరు ఆ ట్రాము ఘట్టాన్ని ఎలా అర్థం చేసుకున్నారో తెలియజేస్తే చర్చ అక్కడినుంచి కొనసాగించవచ్చు.